మూడు వారాల పరీక్ష

ఆ పెద్ద దుకాణంలో కింది అంతస్తున, తలుపు తోసుకుని లోపలికి రాగానే ఎడమచేతి వైపు, ముఖానికీ జుట్టుకూ వాడే సామాన్లు అమ్మే కౌంటర్ ఉంది. పద్నాలుగేళ్లుగా అక్కడ నిలబడి అమ్ముతున్న ఆవిడను అందరూ షేడక్క అనేవారు. ఎదురుగా వచ్చి నిలబడ్డ మనిషి దవడ కింద ఒక్క చూపు చూసి, ఆ ఒంటి రంగుకు ఏ షేడ్ ఫౌండేషన్ సరిపోతుందో చెప్పేసేది. చేతి మీద గీసి చూసుకోవడాలూ, వెలుతురులోకి పరుగులూ అక్కర్లేదు. తెల్లగా చేస్తానని ఏనాడూ ఎవరితోనూ అనలేదు. "మీ రంగు మీకు బాగుంది. నిద్ర లేని కళ్లే కనబడుతున్నాయి, వాటి సంగతి చూద్దాం" అనేది. పెళ్లికూతుళ్ల ముస్తాబు ఆవిడకు పట్టదు. పొద్దున్నే పది నిమిషాల్లో ముగించుకుని బస్సెక్కాల్సిన ముఖాలంటేనే ఆవిడకు ఇష్టం.

ఆవిడకొక నియమం ఉండేది. కొత్తగా వచ్చిన దేన్నయినా తన మీద మూడు వారాలు వాడి చూసుకుంటే గానీ కొనేవాళ్లకు మంచిమాట చెప్పేది కాదు. షాంపూ అయితే పాపిడికి కుడివైపు కొత్తది, ఎడమవైపు పాతది. తల ఒకపక్క పట్టులా, ఇంకోపక్క గడ్డిలా ఉన్నా అలాగే డ్యూటీకి వచ్చేది. లిప్‌స్టిక్ అయితే రెండు కప్పుల టీ, ఒక భోజనం, ఒక పొడుగాటి ఫోను సంభాషణ, ఇవన్నీ దాటుకుని నిలిచిందా లేదా అని చూసేది. లిఫ్టులు బాగుచేసే పని ఆవిడ భర్తది. అతను, "ఇవాళ ఏ పక్కన కూర్చోమంటావు? మంచి జుట్టు పక్కనా, చెడ్డ జుట్టు పక్కనా?" అని ఏడిపించేవాడు. కొనేవాళ్లకు మాత్రం ఈ నియమం మీద గురి. "నువ్వు వాడావా అక్కా?" అని అడిగేవారు. "వాడాను" అంటే చాలు, మారుమాట లేకుండా సంచీలో వేసుకునేవారు.

ఆవిడకు ఒక్కతే చెల్లెలు. ఇద్దరికీ పదమూడేళ్ల తేడా. చెల్లెలికి నాలుగేళ్లప్పుడు తల్లి పోతే, పదిహేడేళ్ల అక్కే ఒళ్లో కూర్చోబెట్టుకుని ముఖం కడిగి, జడ వేసి బడికి పంపింది. ఇప్పుడా చెల్లెలికి ఇరవై ఎనిమిది. రెండు వీధుల అవతల ఒంటిగది వాటాలో ఉంటూ, మూడేళ్లు నిండని పిల్లల బడిలో టీచరుగా చేసేది. మూతి చుట్టూ కాస్త నలుపు, గడ్డం మీద పాత మొటిమల గుంటలు. వాటిని ఆ పిల్ల ఏనాడూ పట్టించుకున్న పాపాన పోలేదు. బాధంతా అక్కదే.

"ఊళ్లోవాళ్ల మొహాలన్నీ దిద్దుతాను. నీ మొహం చూసి, ఈవిడ సొంత చెల్లెలికి ఏం చేసింది అనుకోరూ?"

"అనుకోనీ. నా క్లాసులో ఇరవై ఇద్దరున్నారు. నా మూతి నల్లగా ఉందో పచ్చగా ఉందో ఒక్కడు చూడడు. చేతిలో బిస్కెట్ ఉందా లేదా, అంతే."

"పిల్లల సంగతి సరే. పెద్దవాళ్లు?"

"వాళ్లు వాళ్ల పిల్లల్ని తీసుకుపోవడానికి వస్తారు, నా అందం చూడ్డానికి కాదు. నన్నొదిలెయ్ తల్లీ, నీకు దండం పెడతా!"

ఇద్దరూ నవ్వుకునేవారు. అక్కడితో ఆ మాట ఆగిపోయేది. కొన్నాళ్లకు మళ్లీ అక్కే ఎత్తేది.

షేడక్కకూ ఒక బెంగ లేకపోలేదు. ఎనిమిదేళ్లుగా రెండు బుగ్గల మీదా మంగు. గోధుమరంగు మరకలు, ఏటేటా కాస్త ముదురుతున్నాయి. పొద్దున్నే రెండు పొరలు వేసి వాటిని ఎంత బాగా కప్పేదంటే, రోజూ చూసే ఫ్లోర్ మేనేజరుకు కూడా ఆ సంగతి తెలియదు. సాయంత్రం ముఖం కడుక్కున్నాక అద్దం వైపు చూడటం ఎప్పుడో మానేసింది.

ఒకరోజు సరుకు వేసే అతను రెండు పెట్టెలు తెచ్చాడు. నిండా చిన్న చిన్న తెల్లడబ్బాలు. మూత మీద పువ్వు బొమ్మ ఒక్కటే.

"దీని మీద అక్షరం ముక్క లేదేంటయ్యా? ఏమేం కలిపారు ఇందులో?" అని షేడక్క డబ్బాను అటూ ఇటూ తిప్పింది.

"చిన్న కంపెనీ అక్కా. అచ్చేసిన డబ్బాలు వచ్చే నెల వస్తాయి. పడుకునే ముందు రాసుకుంటే చాలు. పన్నెండు రోజులు చూడండి, తర్వాత మీరే నన్ను వెతుక్కుంటూ వస్తారు."

ఫ్లోర్ మేనేజరు పక్కనే ఉన్నాడు. "మీ పద్ధతిలో మీరు వాడి చూడండి. మీరు సరేనంటేనే పెడదాం" అన్నాడు. అంతకంటే న్యాయమైన మాట ఇంకేముంటుంది? ఆవిడ ఒక డబ్బా ఇంటికి పట్టుకెళ్లింది.

ఐదో రోజుకు మంగు అంచులు కరిగినట్టు కనిపించాయి. తొమ్మిదో రోజున ఒక పొర ఫౌండేషన్ తగ్గించింది. పన్నెండో రోజు పొద్దున, ఏమీ పూసుకోకుండానే టీ కప్పు పట్టుకుని భర్త ముందుకు వచ్చింది. అతను కప్పు అందుకోవడం మరచిపోయి, "ఏంటే ఇది, పెళ్లినాటి మొహం ఎక్కడ దాచిపెట్టావు ఇన్నాళ్లూ?" అన్నాడు. ఆవిడ నవ్వేసి స్నానాల గదిలోకి వెళ్లింది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కళ్లు తుడుచుకుంది.

అయినా నియమం నియమమే. ఇరవై ఒక్క రోజులూ పూర్తిచేసింది. మంట లేదు, దురద లేదు, ఒక్క పొక్కు లేదు. ఇరవై రెండో రోజున డబ్బాలు కౌంటర్ మీదికి ఎక్కాయి.

మొదటి డబ్బా మాత్రం చెల్లెలి గదికి వెళ్లింది. ఆదివారం మధ్యాహ్నం. చెల్లెలు నేల మీద కూర్చుని, పిల్లల కోసం రంగు కాగితాలతో చేపలు కత్తిరిస్తోంది.

"కత్తెర పక్కన పెట్టి ఇటు తిరుగు."

"మళ్లీ మొదలెట్టావా?"

"నా బుగ్గలు చూడు ముందు. చూశావా? ఇప్పుడు మాట్లాడు."

చెల్లెలు నిజంగానే దగ్గరికి జరిగి చూసింది. వేలితో తాకింది. "అమ్మో" అంది. తర్వాత గడ్డం ముందుకు చాపింది, చిన్నప్పుడు ముఖం కడిగించుకునేటప్పుడు చాపినట్టే. "మండిందో, నీ పని చెప్తా."

"మండదే పిచ్చిదానా. మూడు వారాలు నా మీద చూసుకోకుండా నీకు రాస్తానా?"

ఆ తర్వాతి రెండు నెలలూ షేడక్క జీవితంలో బంగారంలాంటి రోజులు. చెల్లెలి మూతి చుట్టూ నలుపు విరిగిపోయింది. గడ్డం నున్నబడింది. బడికి వెళ్తూ దుకాణాల గాజు తలుపుల దగ్గర నడక కాస్త నెమ్మది చేయడం నేర్చుకుంది. ఒక సాయంత్రం తనంతట తానే కౌంటర్ దగ్గరికి వచ్చి, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి, "అక్కా, నాకు ఏ రంగు లిప్‌స్టిక్ బాగుంటుంది?" అని అడిగింది. ఆ ప్రశ్న కోసం అక్క పదేళ్లుగా ఎదురుచూస్తోంది. సొరుగులన్నీ లాగి ఏడు రంగులు వేసి చూసింది. చివరికి ఇటుక రంగు తేలింది. చెల్లెలు అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి, "ఇది నేనేనా!" అని పకపకా నవ్వింది.

కౌంటర్‌లో ఆ క్రీము నీళ్లప్రాయంగా పోయేది. "నువ్వు వాడావా అక్కా?" అంటే షేడక్క ఏమీ చెప్పనక్కర్లేదు. ముఖం కాస్త వెలుతురు వైపు తిప్పితే చాలు. రెండు పెట్టెలు అయిపోయి, ఇంకో ఆరు వచ్చాయి. అక్షరాలు అచ్చేసిన డబ్బాలు మాత్రం రాలేదు. ఆ విషయం అడగాలని ఒకటి రెండుసార్లు అనుకుంది. ఆ అతను వచ్చేసరికి బేరాల్లో మునిగిపోయి ఉండేది.

నాలుగో నెల మొదట్లో చెల్లెలు ఫోను చేసింది. ఎండలో పిల్లల్ని ఆడించి వస్తే ముఖం జివ్వుమంటోందట. "కొత్త సబ్బేమైనా వాడావా?" అంది అక్క. వారం తిరిగేసరికి బుగ్గల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. చర్మం ఉల్లిపొరలా పలచబడి, కింద సన్నటి నరాలు దారాల్లా కనబడసాగాయి. చెంపల మీద నూగు నల్లబడింది. భయపడి క్రీము ఆపేస్తే, మూడో రోజుకు ముఖమంతా కాల్చినట్టు ఎర్రబడి వాచిపోయింది. ఏం చేయాలో తోచక అక్కే మళ్లీ రాసింది. పూట తిరిగేలోగా వాపు తగ్గింది. ఆ తగ్గడం చూసి ఇద్దరూ హమ్మయ్య అనుకున్నారు. అలా ఇంకో నెల గడిచింది.

ఈలోగా పొయ్యి దగ్గర నిలబడితే షేడక్క బుగ్గలు కూడా మండడం మొదలైంది. సరుకు వేసే అతనికి ఫోను చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు. మేనేజరు, "ఎక్కువ రాసుంటారు. ఏదైనా మితిమీరితే అంతే కదా" అన్నాడు.

అప్పుడు వెళ్లారు చర్మం డాక్టరు దగ్గరికి. పెద్దావిడ. చెల్లెలి ముఖం వెలుతురు వైపు తిప్పి చూసింది. డబ్బా మూత తీసి వాసన చూసి, బల్ల మీద దూరంగా పెట్టింది.

"ఎన్నాళ్లుగా?"

"నేను ఆరు నెలలండీ. చెల్లి అయిదు."

"ఇందులో స్టెరాయిడ్ కలుపుతారు. గట్టిది. మొదట్లో అన్నిటినీ అణిచేస్తుంది, మంగు, మొటిమ, ఎరుపు, అన్నీ. లోపల మాత్రం తోలు తినేస్తూ ఉంటుంది. మానితే మొహం తిరగబడుతుంది. మళ్లీ రాస్తే ఊరుకుంటుంది. అందుకే ఎవరూ మానలేరు."

"నేను మూడు వారాలు పరీక్షగా వాడి చూశానండీ" అంది షేడక్క. ఆ మాట తన చెవికే ఎవరో అన్నట్టు వినబడింది.

"మూడు వారాలకు ఎవరికైనా బాగానే ఉంటుందమ్మా. చెడేది మూడు నెలలకి."

చెల్లెలు అడిగింది, "నా మొహం ఎప్పటికి మామూలవుతుంది డాక్టర్?"

"మానెయ్యాలి. మానేశాక ఇంతకంటే ఎక్కువవుతుంది, నెలల తరబడి. తర్వాత మెల్లగా దారికొస్తుంది. మునుపటిలాగే అవుతుందని మాత్రం మాట ఇవ్వలేను."

డాక్టరు చెప్పిన దాంట్లో మొదటి సగం అక్షరాలా జరిగింది. ముఖం మీద నీళ్లు పడితే చెల్లెలు కేక పెట్టేది. దిండు తగిలితే మంట. కనురెప్పలు ఉబ్బి కళ్లు గీతల్లా అయ్యాయి. పొట్టు రాలేది, నీరు కారేది, మళ్లీ పొట్టు. మాస్కు పెట్టుకుని బడికి వెళ్లింది. చిన్నపిల్లలకు మాస్కు అంటే ఆట. ఒకడు లాగేశాడు. క్లాసులో రెండున్నరేళ్ల పాప ఒకతె ఉండేది, రోజూ మధ్యాహ్నం చెల్లెలి భుజం మీదే నిద్రపోయేది. ఆ పాప, ఆ ముఖం చూసి బిగుసుకుపోయి, గుక్కపట్టి ఏడుస్తూ ఆయా దగ్గరికి పారిపోయింది. ఆ రోజే హెడ్‌మిస్ పిలిచి, నయమయ్యేదాకా ఆఫీసు గదిలో కాగితాల పని చూడమంది.

ఈ సంగతంతా చెల్లెలు అక్కకు ఏడవకుండా చెప్పింది. చెప్పి, "రేపు పొద్దున్నే రా అక్కా. దీన్ని కప్పెయ్. నువ్వు ఎవరి మొహం మీద ఏది కావాలంటే అది కప్పగలవు కదా. ఒక్కరోజు నా పిల్లల దగ్గర కూర్చుంటాను" అంది.

షేడక్క తనకు తెలిసిన విద్యంతా పెట్టెలో సర్దుకుని తెల్లవారగానే వెళ్లింది. కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ముందుగా, ఎరుపు కనబడకుండా లేత ఆకుపచ్చ కన్సీలర్, వేలి కొసతో, అద్దీ అద్దనట్టు. చెల్లెలు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"మండుతోందా?"

"కానియ్."

దాని మీద ఫౌండేషన్. స్పాంజ్ తగిలిన చోటల్లా పొట్టు లేచి పోగుపడింది. దాన్ని సర్దబోతే కింద నుంచి నీరు ఊరి, రంగు చారలు చారలుగా మెడ మీదికి జారింది. షేడక్క మళ్లీ అద్దింది. మళ్లీ జారింది. చెల్లెలి కళ్ల నుంచి నీళ్లు వాటంతట అవే కారుతున్నాయి, ఆ ఉప్పు తగిలి మంట ఇంకా ఎక్కువవుతోంది.

"ఇంకెంతసేపు అక్కా?"

"అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూ చల్లటి నీళ్ల గిన్నె తెచ్చింది. వేసినదంతా మెత్తటి గుడ్డతో తీసేసింది. తీసేసరికి బడి వేళ దాటిపోయింది. చెల్లెలు తడి ముఖంతో గోడ వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నా మొహం నీకేం అడ్డమొచ్చింది అక్కా?"

 షేడక్క బ్రష్షులు కడిగి పెట్టెలో పెట్టుకుంది.

ఆ రోజే మేనేజరు దగ్గరికి వెళ్లి డబ్బాలు తీసేయమంది. అతను గొడవ లేకుండానే తీయించాడు. తీయించి, ఆవిడ ముఖం వైపు చూడకుండా, "మీరు కూడా కొన్నాళ్లు లోపల గోడౌన్‌లో ఉండండి. ఇక్కడ నిలబడాలంటే... మీకు నేను చెప్పాలా?" అన్నాడు. అప్పటికి ఆవిడ బుగ్గలు కూడా కందగడ్డల్లా ఉన్నాయి. కౌంటర్‌లోకి ఇరవై ఏళ్ల అమ్మాయి వచ్చింది.

కొత్త సరుకు వచ్చినప్పుడు కబురు చెప్పడానికి కొనేవాళ్ల ఫోను నంబర్లు కౌంటర్‌లో రాసి ఉంచేవారు. షేడక్క ఆ కాగితాలు తీసుకుని, భోజనం విరామంలో గోడౌన్ వెనక మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కరికీ ఫోను చేసింది. "ఆ క్రీము వాడకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. తప్పు నాది" అని అందరికీ అవే మాటలు. కొందరు తిట్టారు. కొందరు మధ్యలోనే పెట్టేశారు. ఒకామె తండ్రి ఫోను తీసి, "మా అమ్మాయి ఇప్పుడిప్పుడే నలుగురిలో తిరుగుతోంది. నీకెందుకమ్మా అంత కడుపుమంట?" అన్నాడు.

కోర్టులో టైపిస్టుగా చేసే ఒకామె మాత్రం వెతుక్కుంటూ గోడౌన్‌కే వచ్చింది. పాత బేరం. ముఖానికి అడ్డంగా స్కార్ఫు.

"నువ్వు చెప్పావని మానేశాను అక్కా. మూడు రోజులుగా నిద్ర లేదు, కాలిపోతోంది. లోపల ఇంకా ఉండే ఉంటాయి. ఒక్క డబ్బా ఇవ్వు."

"లేవమ్మా. ఉన్నా ఇవ్వను. ఓర్చుకో, నా మాట విను. నా మొహం చూడు."

"ఎల్లుండి నుంచి కొత్త జడ్జిగారి దగ్గర డ్యూటీ నాకు. ఎలా వెళ్లను? నువ్వు ఇచ్చేటప్పుడు ఆలోచించలేదు, ఇప్పుడు మాత్రం నీతులా?" అంటూ షేడక్క చెయ్యి పట్టుకుంది. తిట్టిన నోటితోనే బతిమాలింది, బతిమాలిన నోటితోనే మళ్లీ తిట్టింది. చివరికి చెయ్యి వదిలేసి వెళ్లిపోయింది. రెండు వీధుల అవతల ఒక చిన్న దుకాణంలో అవే డబ్బాలు దొరుకుతున్నాయని షేడక్కకు తెలుసు. టైపిస్టు అటువైపే తిరిగింది.

ఏడాది గడిచింది. షేడక్క ముఖం ఒక దారికొచ్చింది. మంగు మునుపటి కంటే ముదురుగా తిరిగి వచ్చి కూర్చుంది. ఆవిడ దాన్ని కప్పడం లేదు. గోడౌన్‌లో పెట్టెలు దింపించుకుని సరిచూసుకోవడమే పని. జుట్టు ఏ సబ్బుతో పడితే దానితో రుద్దుకుంటోంది. భర్త ఏడిపించడం మానేశాడు. భోజనాల దగ్గర లిఫ్టుల కబుర్లు చెప్తాడు, ఆవిడ ఊ కొడుతుంది.

చెల్లెలు బడి మానేసింది. ఆఫీసు గదిలోకి పక్క గదిలోంచి పిల్లల అల్లరి వినబడుతుంటే అక్కడ కూర్చోలేకపోయింది. పార్సిళ్లు చేరవేసే సంస్థ ఒకటి ఇంట్లోంచే ఫోన్లు మాట్లాడే పని ఇచ్చింది. మనిషిని ఎవరూ చూడరు, గొంతు ఒక్కటే కావాలి. నీరు కారడం ఆగింది గానీ చర్మం గట్టిపడలేదు. కాస్త వేడి తగిలితే ఎర్రబడి, సాయంత్రం దాకా దిగదు. ఇంకో రెండేళ్లు చూడాలంది డాక్టరు.

షేడక్క ఆదివారం ఆదివారం వెళ్లేది. కిటికీకి వీపు పెట్టి చెల్లెలు కూర్చునేది. టీ తాగేవారు. ఇంటి కుళాయి గురించీ, బావ మోకాలినొప్పి గురించీ మాట్లాడుకునేవారు. ఒక ఆదివారం చెల్లెలు కప్పు కింద పెట్టి అంది.

"అక్కా, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకు."

"చెప్పవే."

"వచ్చే వారం రాకు. ఆ పై వారం కూడా వద్దు. నేనే ఫోన్ చేస్తాను."

"ఇంకా కోపం పోలేదా?"

"కోపం ఎప్పుడో పోయింది. అది ఉన్నా బాగుండేది. నువ్వొచ్చి కూర్చున్నంతసేపూ నా మొహం వంకే చూస్తావు, ఎంత తగ్గింది, ఎక్కడ తగ్గింది అని. ఇంట్లో అద్దాలన్నీ తీసేశాను నేను. నువ్వు వస్తే అద్దం వచ్చి కూర్చున్నట్టుంటోంది."

షేడక్క చప్పున తల దించుకుంది. దించుకుని, ఇంక ఎత్తే ధైర్యం లేక, "సరేలే" అంది నేల వైపు చూస్తూనే. రెండు కప్పులూ కడిగి బోర్లించింది. ఇంతలో చెల్లెలికి ఫోను వచ్చింది. "చెప్పండి సార్, మీ పార్సిల్ నంబరు చెప్పండి, చూస్తాను" అంది చెల్లెలు. మెత్తగా, ఓపిగ్గా, పసివాళ్లతో మాట్లాడే గొంతుతో. షేడక్క చెప్పులు వేసుకుని తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది.

ఆ పై రెండు ఆదివారాలూ ఫోను రాలేదు. మూడోదీ రాలేదు. ఇప్పటికి పదకొండు ఆదివారాలయ్యాయి.